మాట చివరిదాకా ఊపిరి: యువ నటీనటులకు వాచికం, ఏకపాత్ర సాధన

తెలుగు వాక్యంలో క్రియ సాధారణంగా చివర వస్తుంది. పని జరిగిందా లేదా, చేసింది ఎవరు, చేయబోతున్నారా, చేయలేకపోయారా అన్నదంతా ఆఖరి రెండు మూడు అక్షరాల్లోనే తేలుతుంది. రంగస్థలం మీదికి కొత్తగా వచ్చిన పిల్లల్లో చాలామంది వాక్యాన్ని నిండు గాలితో గట్టిగా ఎత్తుకొని, సగానికి వచ్చేసరికి ఆ గాలి ఖర్చుచేసి, క్రియను గొంతులోనే మింగేస్తారు. దగ్గర కూర్చుని నేర్పే ఉపాధ్యాయునికి సంభాషణ ముందే కంఠతా వచ్చి ఉంటుంది కాబట్టి ఈ లోపం ఆయన చెవికి అందదు. తిరుపతి మహతి ఆడిటోరియంలో వెనుక వరుసల్లో కూర్చున్న ప్రేక్షకుడికి మాత్రం ఆ పాత్ర "చెప్పను" అన్నదో, "చెప్పాను" అన్నదో తెలియదు. ఒక్క దీర్ఘం తేడాతో నిరాకరణ కాస్తా ఒప్పుకోలుగా మారిపోయే భాష మనది. అందువల్ల వాచికం, అంటే మాటతో చేసే అభినయం, నేర్పే పని ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, వాక్యం చివర మొదలుపెట్టాలన్నది నా నిశ్చితాభిప్రాయం. గొంతు పెద్దది చేయడం, మాధుర్యం తేవడం, ఆవేశం చూపడం ఆ తరువాతి సంగతులు.

ఈ సాధన సుమారు 12 ఏళ్ళ నుంచి 22 ఏళ్ళ లోపు వారిని దృష్టిలో పెట్టుకొని రాసినది. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాఠశాల వార్షికోత్సవాలకు, కళాశాల యువజనోత్సవాల్లోని ఏకపాత్రాభినయం పోటీలకు తయారయ్యే పిల్లలకూ, వారిని తయారుచేసే ఉపాధ్యాయులకూ ఇది ఉపయోగపడాలని నా కోరిక. రోజుకు అరగంట చాలు. అయితే ఆ అరగంట ప్రతిరోజూ ఉండాలి. ఏడాదంతా ఊరుకొని, పోటీ రెండు రోజులుందనగా పిల్లలచేత గంటల తరబడి అరిపించడం వల్ల గొంతు బొంగురుపోవడం తప్ప మరే ప్రయోజనమూ లేదు.

ఊపిరి

స్వరపేటికలోని రెండు స్వరతంత్రుల మధ్య నుంచి గాలి పైకి వచ్చేటప్పుడు అవి కంపించి ధ్వని పుడుతుంది. మామూలు మాటలో పెద్దవారి మగగొంతు సెకనుకు వంద పైచిలుకు సార్లు, ఆడగొంతు రెండు వందల సార్ల దాకా కంపిస్తాయి. ఇంత సున్నితమైన భాగానికి బలం మెడ కండరాల నుంచి రాదు, కింది నుంచి నిలకడగా వచ్చే గాలి నుంచి వస్తుంది. ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రమ్ అనే కండరం, మనం గాలి తీసుకున్నప్పుడు కిందికి దిగుతుంది. అప్పుడు పొట్ట, పక్కటెముకల అడుగుభాగం కొద్దిగా వెలుపలికి వస్తాయి. గాలి తీసుకునేటప్పుడు భుజాలు పైకి లేస్తున్నాయంటే ఊపిరి పైపైనే ఆగిందని, మెడ బిగుసుకుంటున్నదని గుర్తించాలి. ఈ ఒక్క అలవాటును మాన్పించడానికి ఒక వారం పట్టినా ఆ వారం వృథా కాదు.

మొదట చాప మీద వెల్లకిలా పడుకొని, నాభి మీద ఒక నోటుపుస్తకం పెట్టుకొని, ముక్కుతో చప్పుడు లేకుండా గాలి తీసుకోవాలి. పుస్తకం పైకి లేవాలి, ఛాతీ కదలకూడదు. ఈ కదలిక శరీరానికి అలవాటైన తరువాత లేచి నిలబడి అదే చేయాలి. ఆపైన "స్" అనే ధ్వనితో గాలిని సన్నగా వదలాలి. ఎంతసేపు వదిలామన్నదానికంటే మొదటి క్షణంలోనూ చివరి క్షణంలోనూ ఆ శబ్దం ఒకే తీరుగా ఉన్నదా అన్నది ముఖ్యం. ఊదుగొట్టంతో పొయ్యి మండించే అవ్వ ఒక్కసారిగా ఊదదు. నిప్పు అంటుకునే దాకా ఒకే ఒరవడిలో ఊదుతుంది. నటుడికి కావలసింది ఆ ఒరవడి. 15 సెకన్లతో మొదలుపెట్టి, శబ్దం వణకకుండా ఉన్నప్పుడే 20, 25 సెకన్లకు పెంచుకుంటూ పోవచ్చు. పిల్లల మధ్య ఎవరు ఎక్కువసేపు వదులుతారో పందెం పెట్టవద్దు. పందెం పెట్టగానే అందరూ గొంతు బిగిస్తారు.

ఈ గాలిని మాటకు జతచేసే సాధన ఒకటి తెలుగుకు బాగా సరిపోతుంది. వాక్యాన్ని మొదటి నుంచి కాక, క్రియ నుంచి వెనక్కి కట్టుకుంటూ రావాలి. ముందు "వచ్చాడు" అన్న ఒక్క మాటనే, గోడకు తగిలేలా స్పష్టంగా చెప్పాలి. తరువాత "మా అన్న వచ్చాడు." ఆపైన "నిన్న రాత్రి బస్సుకు మా అన్న వచ్చాడు." చివరికి "చెన్నైలో పని దొరకలేదని, చేతిసంచీ తప్ప ఏమీ లేకుండా, నిన్న రాత్రి బస్సుకు మా అన్న వచ్చాడు." వాక్యం ఎంత పెరిగినా "వచ్చాడు" అన్న మాట మొదటిసారి పలికినంత నిండుగానే వినిపించాలి. ఎదుట నిలబడిన తోటి విద్యార్థి కళ్ళు మూసుకొని ఆ ఒక్క మాట కోసమే వినాలి. అది తగ్గినప్పుడు చెయ్యి ఎత్తాలి. ఇది చేస్తున్న కొద్దీ, వాక్యం ఎంత పొడవుందో దాన్నిబట్టి ముందే గాలి సిద్ధం చేసుకోవడం పిల్లలకు తెలియకుండానే అలవడుతుంది. పొడవైన వాక్యంలో కామా దగ్గర చిన్న ఊపిరి తీసుకోవడం తప్పేమీ కాదు. క్రియకు ముందు మాత్రం ఊపిరి కోసం ఆగకూడదు.

అలిపిరి మెట్ల దారిలో గుంపులుగా కొండెక్కే వారిని గమనించిన పిల్లలకు ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. ఒకరు పిలుస్తారు, మిగిలినవారు "గోవిందా" అంటారు. ఆ చివరి దీర్ఘం మీదనే అందరి గొంతూ తెరుచుకుంటుంది, పిలుపుకూ పిలుపుకూ మధ్య ఊపిరి తిరిగి నిండుతుంది. రొప్పుతూ ఎక్కేవారు కూడా ఆ "దా"ను వదలరు.

గొంతు మారే వయసు

మగపిల్లల్లో ఎక్కువ మందికి 12 నుంచి 15 ఏళ్ళ మధ్య స్వరపేటిక వేగంగా పెరిగి గొంతు మారుతుంది. మాట్లాడుతుండగా ఉన్నట్టుండి గొంతు పైకి జారడం, పగలడం ఆ రోజుల్లో సహజం. ఆడపిల్లల్లోనూ మార్పు ఉంటుంది గానీ అంతగా తెలియదు. ఈ దశలో ఉన్న అబ్బాయికి కీచకుడో, దుర్యోధనుడో ఇచ్చి గర్జించమనడం అతని గొంతుకు హాని చేస్తుంది. అతన్ని నాటకం నుంచి తప్పించాల్సిన అవసరమూ లేదు. హాయిగా పలికే మధ్యస్థాయిలో సాగే పాత్రను ఇవ్వాలి, గొంతు పగిలినప్పుడు ఎవరూ నవ్వకుండా చూడాలి. ఆ నవ్వు వల్ల రంగస్థలానికి శాశ్వతంగా దూరమయ్యే పిల్లలున్నారు. ఈ విషయంలో ఉపాధ్యాయుడు కఠినంగా ఉండటమే మంచిది.

పెద్ద గొంతే మంచి గొంతన్న భ్రమ మన ప్రాంతంలో బలంగా ఉండటానికి ఒక కారణం ఉంది. చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర జరిగే భారతం ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రి తెల్లవారేదాకా వీధినాటకం నడుస్తాయి. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ తపస్సు మాను అనే ఎత్తైన స్తంభం ఎక్కడం, చివరి రోజున దుర్యోధన వధ చూస్తూ పెరిగిన పిల్లల చెవిలో ఆ ఎత్తు గొంతే నటనగా నిలిచిపోతుంది. ఆ కళాకారుల పట్ల నాకు అపారమైన గౌరవం ఉంది. అయితే వారి పద్ధతి ఆరుబయలుకు పుట్టినది. బయలులో దూరం రెట్టింపైన ప్రతిసారీ ధ్వని సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. పైగా హార్మోనియం, మద్దెల, తాళాల చప్పుడును దాటి మాట వెళ్ళాలి. అందుకే వారు శ్రుతి పెంచి, అక్షరాలు సాగదీసి పలుకుతారు, ఏళ్ళ తరబడి గొంతును దానికి సిద్ధం చేసుకుంటారు. నాలుగు గోడల తరగతి గదిలో, సాధన లేని గొంతుతో ఆ ఎత్తును అనుకరిస్తే మాట స్పష్టత పోతుంది, గొంతు మండుతుంది. చిత్తూరు రంగస్థలం నుంచి సినిమాకు వెళ్ళిన చిత్తూరు నాగయ్య (1904–1973) మెత్తగా, నిదానంగా పలికిన మాటలను ఒకసారి పిల్లలకు వినిపించండి. గొంతు పెంచకుండానే ప్రతి అక్షరమూ ఎలా చేరుతుందో వారికి వేరే చెప్పనవసరం ఉండదు.

అక్షరం, యాస

నగరి, సత్యవేడు, కుప్పం వైపు నుంచి వచ్చే పిల్లల్లో ఇంట్లో తమిళం మాట్లాడేవారు చాలామంది ఉంటారు. పలమనేరు వైపు కన్నడం కూడా వినిపిస్తుంది. తమిళంలో ఒత్తు పలికే హల్లులు లేవు కాబట్టి ఆ పిల్లలకు ఖ, ఘ, ధ, భ ప్రత్యేకంగా నేర్పాలి. అరచేతిని పెదవుల ముందు పెట్టుకొని "పలము–ఫలము", "కరము–ఖరము" పలికితే ఒత్తు దగ్గర చేతికి గాలి తగులుతుంది. తెలుగు ఇంటి పిల్లలు కూడా ఇప్పుడు ణ, ళలను న, లలుగా, ష ను శ గా పలుకుతున్నారు కాబట్టి ఈ సాధన అందరికీ అవసరమే. పళ్ళ మధ్య పెన్సిలు పెట్టి మాట్లాడించే పద్ధతిని నేను సిఫారసు చేయను. దానివల్ల దవడ బిగుసుకోవడమే ఎక్కువ. దవడను వేళ్ళతో మెల్లగా కిందికి నిమిరి, ఆ, ఈ, ఊ, ఏ, ఓలను నోరు పూర్తిగా తెరిచి పలికించడం మేలు.

హ్రస్వదీర్ఘాల దగ్గర మన జిల్లా పిల్లలకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చిత్తూరు యాసలో "చెప్పినాను, పోయినాను, నమ్మినాను" అంటారు కాబట్టి, "చెప్పను"కూ దానికీ తేడా చెవికి ఇట్టే తెలుస్తుంది. అదే పిల్లవాడు పత్రికల భాషలో రాసిన సంభాషణలో "చెప్పాను" అనాల్సి వచ్చినప్పుడు, ఆ ఒక్క దీర్ఘాన్ని కాపాడే అలవాటు అతని నాలుకకు ఉండదు. "చెప్పను–చెప్పాను, వెళ్ళను–వెళ్ళాను, నమ్మను–నమ్మాను, కొట్టను–కొట్టాను" అన్న జంటలను ఒకరు పలుకుతుంటే, గదికి అవతలి చివర వీపు తిప్పి నిలబడినవారు ఏది విన్నారో చెప్పాలి. పదికి పది సరిగ్గా వచ్చేదాకా తరువాతి పాఠానికి వెళ్ళవద్దు.

యాసను మాత్రం తప్పుగా చూపవద్దు. "వస్తా ఉండాను", "లెయ్యొద్దు" అని మాట్లాడే అమ్మాయికి ఆ మాటల్లో ఉన్న ఊపిరి, లయ సహజంగా వస్తాయి. అదే ఆమె బలం. మొదటి ఏకపాత్ర ఎప్పుడూ సొంత యాసలోనే ఉండాలని, ప్రామాణిక భాషలోని పాఠం రెండవదిగా రావాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఏకపాత్ర

ఏకపాత్ర అంటే ఒంటరిగా మాట్లాడటం కాదు. వేదిక మీద కనిపించేది ఒక్కరే అయినా, ఆ మాటలు ఎవరితోనో, ఏదో కోరి అంటున్నవే. కాబట్టి పాఠం చేతికి రాగానే కంఠస్థం చేయనివ్వకుండా మూడు ప్రశ్నలకు జవాబులు రాయించాలి: నేను ఎవరితో మాట్లాడుతున్నాను? ఆ మనిషి నుంచి నాకేం కావాలి? నేను నోరు తెరవడానికి ముందు క్షణంలో ఏం జరిగింది? మూడవ ప్రశ్నను ఎక్కువమంది వదిలేస్తారు. అందుకే వారి మొదటి వాక్యం ఎక్కడినుంచో ఊడిపడినట్టు ఉంటుంది.

సాధన కోసం చిన్న పాఠం ఒకటి ఇక్కడ ఇస్తున్నాను. వేసవిలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ బయట తోతాపురి కాయల ట్రాక్టర్లు వరుసలో ఆగి ఉన్నాయి. ఒక ట్రాక్టరు పక్కన పడుకున్న తండ్రితో కాలేజీలో చేరవలసిన కొడుకు, లేదా కూతురు, రాత్రిపూట మాట్లాడుతుంది.

"నాయనా, లెయ్యొద్దు, పండుకో. ముందర బండి ఇంకా కదల్లేదు. నిన్నట్నించి నువ్వు సరిగ్గా తినలా. కింద ఉండే కాయలు మెత్తబడతా ఉండాయి, వాసన నాకూ తెలుస్తా ఉండాది. నువ్వు చెప్పకపోతే నాకు తెలీదనుకున్నావా? ఫీజు సంగతి ఈ రోజు అడగను. కాయలమ్మినాక గూడా అడగను. చదువు వద్దని కాదు నాయనా. నీ మొగం చూసి అడగలేను."

దీన్ని మొదట ఒక్కసారి కూడా అభినయించకుండా, మామూలు మాటగా మూడు రోజులు చదివించండి. ఎదుట నిజంగా ఒక మనిషి పడుకొని ఉండాలి. ఆ మనిషి కళ్ళు తెరవవచ్చు, పక్కకు తిరగవచ్చు. మాట్లాడేవారు ఆ కదలికకు తగినట్టు వేగం మార్చుకోవాలి. తరువాత మనిషిని తీసేసి అక్కడ ఒక తువ్వాలు పరచాలి. చివరికి అదీ తీసేయాలి. అప్పటికి చూపు ఎక్కడ ఆగాలో శరీరానికి తెలిసిపోతుంది. లేని మనిషిని ప్రేక్షకుల వైపు, వేదిక ముందు అంచుకు కొంచెం పక్కగా ఊహించుకుంటే ముఖం అందరికీ కనిపిస్తుంది, తల పూర్తిగా కిందికి వంగక గొంతు మూసుకుపోదు.

ఇప్పుడు పాఠాన్ని పెన్సిలుతో గుర్తించాలి. నిండు ఊపిరికి నిలువు గీత, చిన్న ఊపిరికి చుక్క, మనసు మలుపు తిరిగే చోట వృత్తం. పై పాఠంలో మలుపు ఎక్కడ? చాలామంది పిల్లలు ఫీజు మాట దగ్గర వృత్తం గీస్తారు. నిజానికి "అడగను, అడగను, అడగలేను" అన్న మూడు క్రియల వరుసలో, రెండవదానికీ మూడవదానికీ మధ్య అది ఉంది. మొదటి రెండూ నిర్ణయాలు, మూడవది నిస్సహాయత. "లే" అన్న ఒక్క అక్షరం ఆ పాత్ర గుండెను బయటపెడుతుంది. అది మింగేస్తే పాఠమంతా ఫీజు గురించిన ఫిర్యాదుగా మిగిలిపోతుంది. దానికి ముందు "నాయనా" తరువాత ఎంతసేపు ఆగాలన్నది లెక్కతో తేల్చవద్దు. తండ్రి ముఖం చూడటానికి ఎంత పడుతుందో అంతసేపు ఆగమని చెప్పండి.

ఏడుపు వచ్చే చోట ఏడవనివ్వవద్దు. ఏడుపు గొంతును బిగిస్తుంది, బిగిసిన గొంతులో నుంచి మాట రాదు. ఆ పాత్ర తండ్రికి వినబడకుండా ఏడుపును ఆపుకుంటున్నదని చెబితే, పిల్లలు సహజంగానే ఊపిరి కిందికి దింపి, మాటను నిదానం చేస్తారు. అక్కడే ప్రేక్షకుల కళ్ళు తడుస్తాయి. కోపానికీ ఇదే వర్తిస్తుంది: కోపం పెరిగే కొద్దీ శ్రుతి పెంచే బదులు హల్లులను గట్టిగా, స్పష్టంగా పలకమనండి.

ఫోనులో గొంతు రికార్డు చేసి వినడం ఈ రోజుల్లో సులువైన సాధనం. ఫోనును నోటి దగ్గర కాక గదికి అవతలి మూలన పెట్టాలి. వినేటప్పుడు నటన బాగుందా లేదా అని కాక, వాక్యాల చివరి మాటలు ఎన్ని అందాయో మాత్రమే గుర్తించుకోవాలి. పిల్లలు తమ గొంతు తామే విని సిగ్గుపడతారు కాబట్టి మొదట్లో ఈ పనిని ఇంట్లో ఒంటరిగా చేసుకోనివ్వండి.

పద్యాలున్న పాఠం ఎంచుకుంటే ఒక జాగ్రత్త అవసరం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, యతిస్థానం 10వ అక్షరం. శార్దూలానికి 19, యతి 13వ అక్షరం. సంస్కృత వృత్తాల్లో యతి విరామం గానీ, తెలుగులో యతి అక్షరాల మైత్రి; అది మాట మధ్యలో కూడా పడవచ్చు. కాబట్టి యతి దగ్గర ఊపిరి తీసుకోవాలన్న నియమం పెట్టుకుంటే సమాసం రెండు ముక్కలై అర్థం చెడుతుంది. ముందు పద్యాన్ని వచనంగా విడదీసి చెప్పించాలి, తరువాత రాగం లేకుండా లయతో చదివించాలి, చివరకు శ్రుతి పెట్టి పాడించాలి. పాదాంతంలో రాగం తీయాలన్న ఉబలాటాన్ని కొంతకాలం అదుపులో ఉంచడం మంచిది.

వేదిక, గొంతు సంరక్షణ

చాలా పోటీల్లో ఏకపాత్రకు ఐదు నిమిషాలకు మించి ఇవ్వరు. నాలుగున్నర నిమిషాల్లో ముగిసేలా పాఠాన్ని మధ్యలో తగ్గించి తయారుకావాలి. గంట మోగుతుందన్న భయం ఉంటే పిల్లలు మొదట తొందరపడేది చివరి వాక్యం దగ్గరే. వీలైతే ముందురోజు సభాభవనానికి వెళ్ళి, ఒకరు వేదిక మీద, మరొకరు ఆఖరి వరుసలో నిలబడి నాలుగు వాక్యాలు పలికి చూసుకోవాలి. ఖాళీ హాలులో మాట మోగుతుంది, జనం నిండితే ఆ మోత తగ్గుతుంది. మైకు ఉంటే నోటికి ఒక జానెడు దూరం ఉంచుకొని, గొంతు పెంచకుండా అక్షరాలనే నమ్ముకోవాలి.

ప్రదర్శనకు రెండు గంటల ముందే తేలికగా తినాలి. సంగటి ముద్ద, కారపు ఊరుబిండి ఎంత ఇష్టమైనా ఆ పూటకు వద్దు. నిండు పొట్ట మీద డయాఫ్రమ్ సరిగ్గా దిగదు, కారం వల్ల పుల్లని త్రేన్పులు పైకి వస్తే గొంతు రాపిడి పెడుతుంది. తాగిన నీరు నేరుగా స్వరతంత్రులను తడపదు, ఒంట్లో నీరు నిండుగా ఉన్నప్పుడే అవి తడిగా ఉంటాయి. కాబట్టి వేదిక ఎక్కేముందు గ్లాసుడు తాగడం కంటే, ముఖ్యంగా తిరుపతి ఎండల్లో, పొద్దున్నుంచే కొంచెం కొంచెంగా తాగుతూ ఉండటం ఫలితమిస్తుంది. గొంతు సవరించుకోవడానికి పదే పదే ఖంగుమని దగ్గవద్దు, మింగితే సరిపోతుంది.

వేదిక ఎక్కడానికి అరగంట ముందు గ్లాసులో సగం నీళ్ళు పోసి, స్ట్రా కొనను రెండు మూడు సెంటీమీటర్ల లోతున ఉంచి, "ఊ" అంటూ బుడగలు వచ్చేలా కొద్ది నిమిషాలు పలకాలి. పెదవులు దడదడలాడిస్తూ మెల్లగా కింది నుంచి పై స్థాయికి, మళ్ళీ కిందికి రావాలి. ప్రదర్శన తరువాత కూడా ఇదే రెండు నిమిషాలు చేస్తే గొంతు కుదుటపడుతుంది. తిరుగు ప్రయాణంలో బస్సు చప్పుడు మీద కేకలు వేయకుండా పిల్లలను ఆపాలి. గొంతు బొంగురుపోతే గుసగుసలాడటం విశ్రాంతి కాదు, దానివల్ల కొందరిలో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మెత్తగా, తక్కువగా మాట్లాడటమే సరైన పద్ధతి. బొంగురు రెండు మూడు వారాలు దాటినా తగ్గకపోతే, లేదా మింగడానికి నొప్పిగా ఉంటే, ఇంటి చిట్కాలతో ఆలస్యం చేయక తిరుపతి రుయా వంటి ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు వైద్యునికి చూపించాలి. వైద్యుడు చెప్పేదాకా సాధన ఆపివేసి, ఆ రోజుల్లో పాఠానికి ఊపిరి గుర్తులు పెట్టుకోవడం, తోటివారి వాక్యాలు వినడం వంటి పనులు అప్పగించాలి.